చవక హమ్మస్ డబ్బాలను పెట్టెల లెక్కన కొనవచ్చునా?

డల్లాస్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో నలుగురు విద్యార్థులు కలిసి ఉంటున్నామనీ, 14 ఔన్సుల హమ్మస్ డబ్బాలు 24 ఉన్న పెట్టె 30 డాలర్లకు దొరుకుతున్నదనీ, దానిని ఫ్రిజ్‌లో పెట్టనవసరం లేదనీ, గడువు ఇంకా పది నెలలు ఉన్నదనీ, బ్రెడ్డులోకీ చపాతీలోకీ పనికివస్తుంది కాబట్టి రెండు పెట్టెలు ఒకేసారి కొని దాచుకుంటే లాభమా అనీ మీరు అడిగారు. ఒక డబ్బా విడిగా కొని తిని చూడనంతవరకు పెట్టె కొనవద్దని, తిన్న తరువాత నచ్చినా రెండు కాక ఒక్క పెట్టెతోనే ఆగమని నా సలహా. డబ్బాల్లో ఆహారం నింపే కర్మాగారాలలో నాణ్యత పరీక్షల విభాగంలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను కాబట్టి ఆ డబ్బాలోకి ఏమి వెళుతుందో, వెళ్లిన దానికి లోపల ఏమవుతుందో కొంత వివరంగానే చెప్పగలను.

హుమ్ముస్ అంటే అరబ్బీలో శనగలే. మనం హమ్మస్ అంటున్న పదార్థం పూర్తి పేరు హుమ్ముస్ బి తహీనా, అంటే తహీనీ కలిపిన శనగలు. తహీనీ అంటే పొట్టు తీసిన నువ్వులను వేయించి నూనె తేలేదాకా రుబ్బిన ముద్ద. దీనిలో శనగల వంతు ఎక్కువే అయినా రుచీ, నునుపూ, నోటిలో కరిగే గుణమూ వచ్చేది తహీనీ నుంచే. నిమ్మరసం, వెల్లుల్లి, ఉప్పు ఆ తరువాతి మాట. శనగలు చవక, తహీనీ ఖరీదు. చవక హమ్మస్ ఎందుకు చవక అన్న ప్రశ్నకు చాలావరకు జవాబు ఈ ఒక్క వాక్యంలోనే ఉన్నది. నువ్వుల పచ్చడిలో నువ్వులు తగ్గించి చింతపండు గుజ్జుతో సరిపెడితే ఎలా ఉంటుందో, తహీనీ తగ్గించిన హమ్మస్ కూడా అలాగే ఉంటుంది.

డబ్బాలో నింపి ఫ్రిజ్ లేకుండా నిలువ చేసే ఆహారం విషయంలో అన్నింటికంటే ముందు భయపడవలసినది క్లాస్ట్రీడియం బాట్యులినం అనే సూక్ష్మజీవికి. గాలి లేని చోట, పులుపు తక్కువగా ఉన్న తడి పదార్థంలో అది పెరిగి ప్రాణాంతకమైన విషాన్ని తయారుచేస్తుంది. పీహెచ్ 4.6 కంటే తక్కువగా, అంటే తగినంత పుల్లగా ఉంటే అది పెరగలేదు. అందుచేత తయారీదారుల ముందు రెండు దారులు ఉంటాయి. సిట్రిక్ ఆసిడ్, అంటే మన నిమ్మ ఉప్పు, వేసి పీహెచ్‌ను ఆ గీత కిందికి దించి, నీళ్లు మరిగే వేడికి అటూ ఇటూగా వేడి చేసి మూతవేయడం ఒక దారి. రెండవది, మూతవేసిన డబ్బాను రిటార్ట్ అనే పెద్ద ప్రెషర్ కుక్కర్ వంటి యంత్రంలో పెట్టి, డబ్బా నడిమధ్య భాగానికి 121 డిగ్రీల సెల్సియస్ వద్ద కనీసం 3 నిమిషాలకు సమానమైన వేడి అందేవరకు ఉడికించడం. మొదటి దారిలో వచ్చిన హమ్మస్ నాలుక జివ్వుమనేటట్లు పుల్లగా ఉంటుంది, రెండవ దారిలో వచ్చినది ఉడుకు వాసన వేస్తుంది. అమెరికా సూపర్‌మార్కెట్లలో చల్లని అరలో ఉండే హమ్మస్ ఈ రెండింటికీ చెందదు, దాని సంగతి వేరు.

ఆ ఉడుకు వాసన ఎందుకు వస్తుందో చెప్పాలంటే కొంచెం యంత్రం లోపలికి వెళ్లాలి. సాంబారు వంటి పలుచని పదార్థమైతే డబ్బాలో అది తనంతట తాను పైకీ కిందికీ తిరుగుతూ త్వరగా వేడెక్కుతుంది. హమ్మస్ చిక్కని ముద్ద కాబట్టి కదలదు. వేడి అంచు నుంచి మధ్యకు అంగుళం అంగుళంగా పాకుతూ పోవాలి. మధ్యభాగానికి చాలినంత వేడి అందేసరికి రేకును అంటుకుని ఉన్న పొర ఎన్నో రెట్లు ఎక్కువగా ఉడికి ఉంటుంది. శనగలలోని మాంసకృత్తులూ చక్కెరలూ ఆ వేడిలో కలిసి లేత గోధుమరంగుకు తిరుగుతాయి. అందుకే డబ్బా మూత తీయగానే అంచున ఒక రంగు, మధ్యలో మరొక రంగు కనిపిస్తాయి. నిమ్మరసం సువాసన ఎగిరిపోయి పులుపు మాత్రం మిగులుతుంది. వెల్లుల్లి ఘాటు పోయి, ఉడికించిన ఉల్లిపాయ వంటి మొద్దు వాసన నిలుస్తుంది. శనగల్లోని పిండిపదార్థం చల్లారిన తరువాత బిగుసుకుని, కత్తితో కోస్తే ముక్కగా వచ్చేంత గట్టిపడుతుంది. దీనిలో మోసమేమీ లేదు. భద్రత కోసం ఆ వేడి ఇవ్వక తప్పదు, ఇచ్చిన వేడికి ఆ మూల్యం చెల్లించకా తప్పదు. పరిమాణం పెరిగినకొద్దీ ఈ దోషం పెరుగుతుందని మాత్రం గుర్తుంచుకోండి. పలుచగా పరిచినట్లు ఉండే 50 గ్రాముల సంచిలో వేడి త్వరగా మధ్యకు చేరుతుంది కాబట్టి ఒకే తయారీదారు సరుకులో కూడా ఆ చిన్న సంచీలే రుచిగా ఉంటాయి. హోటళ్ల కోసం చేసే రెండు మూడు కిలోల డబ్బా చూసి ధరకు ఆశపడకండి.

పశ్చిమాసియాలో డబ్బా హమ్మస్ కొత్త సరుకు కాదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలను రూపొందించే కోడెక్స్ సంస్థ ఆ ప్రాంతం కోసం డబ్బాలో నింపిన తహీనీ హమ్మస్‌కు 2007లో ప్రత్యేకంగా ఒక ప్రమాణమే ఏర్పరచింది. అందుచేత డబ్బాలో ఉన్నదనే కారణంతో దేనినీ తీసిపారేయను. అరబ్ దుకాణాలలో దొరికే మంచి డబ్బాలలో తహీనీ బాగానే వేస్తారు. మీ 30 డాలర్ల పెట్టె ఆ కోవలోనిదా కాదా అన్నదే మనం తేల్చవలసిన విషయం, దానికి మూత తీయనక్కరలేదు, లేబుల్ చాలు.

అమెరికా లేబుల్ మీద తహీనీ ఎంత శాతమో రాయరు. పదార్థాలను బరువు వరుసలో మాత్రం రాస్తారు. శనగలు, నీళ్లు, తహీనీ అని ఉంటే ఫరవాలేదు. తహీనీ కంటే ముందు సోయా నూనె గానీ కనోలా నూనె గానీ కనిపించినా, పిండి, గోరుచిక్కుడు గింజల జిగురు వంటి చిక్కబరచే పదార్థాలు కనిపించినా నువ్వుల స్థానంలో మరేదో పెట్టారని అర్థం. నేను వాడే లెక్క ఇంకొకటి ఉన్నది. ఉడికిన శనగలలో కొవ్వు నూటికి రెండున్నర గ్రాములు ఉంటుంది, తహీనీలో సగానికి మించి ఉంటుంది. వేరే నూనె కలపని హమ్మస్‌లో కొవ్వు వంద గ్రాములకు 6 గ్రాములు ఉన్నదనుకుందాం. శనగల వాటా ఒకటిన్నర తీసివేస్తే మిగిలిన నాలుగున్నర గ్రాములూ తహీనీవే, అంటే తహీనీ సుమారు ఎనిమిది శాతమే. నేను ఇంట్లో చేసే దానిలో పదిహేడు శాతం పడుతుంది, కొవ్వు 11 గ్రాములకు చేరుతుంది. లేబుల్ మీద రెండు టేబుల్‌స్పూన్లకు, అంటే ఇంచుమించు 28 గ్రాములకు లెక్క ఇస్తారు, పైగా 5 గ్రాముల లోపు కొవ్వును అర గ్రాముకు సవరించి వేస్తారు. కాబట్టి అక్కడ కొవ్వు 3 గ్రాములో అంతకు మించో ఉండి, పదార్థాలలో వేరే నూనె లేకపోతే ధైర్యంగా కొనవచ్చు. ఒకటిన్నర అని ఉంటే అది పులుపు కలిపిన శనగల ముద్ద. కొవ్వు తక్కువ ఉన్నందుకు సంతోషించేవారు ఉంటారు, కాని ఇక్కడ తగ్గినది నువ్వులు.

ఇక ధర. మీ పెట్టె తొమ్మిదిన్నర కిలోలు, అంటే వంద గ్రాములకు 32 సెంట్లు పడుతుంది. ఇంట్లో చేస్తే ఎంతవుతుందో నేను ఈ మధ్య చెల్లించిన ధరలతో చూద్దాం. భారతీయ దుకాణంలో నాలుగు పౌండ్ల కాబూలీ శనగల సంచి 7 డాలర్లు, 16 ఔన్సుల తహీనీ సీసా 7 డాలర్లు. 200 గ్రాముల శనగలు ఉడికితే 450 గ్రాముల దాకా అవుతాయి. దానిలో 120 గ్రాముల తహీనీ, రెండు నిమ్మకాయల రసం, కొద్దిగా నీళ్లు, వెల్లుల్లి, ఉప్పు వేస్తే 690 గ్రాముల హమ్మస్ వస్తుంది. మొత్తం ఖర్చు నాలుగు డాలర్లకు కొద్దిగా తక్కువ, వంద గ్రాములకు 57 సెంట్లు, అందులో సగానికి దగ్గరగా తహీనీ ఖర్చే. ఇంట్లో చేసుకుంటే ఎప్పుడూ చవక అని మన వాళ్లు గట్టిగా నమ్ముతారు కాని, ఈ విషయంలో చవక డబ్బా నిజంగానే ఇంటి హమ్మస్ కంటే చవక. ఎందుకంటే అది అదే పదార్థం కాదు.

ఆ డబ్బాను తినదగినట్లు చేసుకోవాలంటే, నా అనుభవంలో, డబ్బాకు 40 గ్రాముల తహీనీ, అర నిమ్మకాయ తప్పనిసరిగా పడతాయి. అప్పుడు డాలరుంబావు డబ్బా రెండు డాలర్ల పదిహేడు సెంట్లవుతుంది, వంద గ్రాములకు 47 సెంట్లు. ఇంటి హమ్మస్‌కూ దానికీ తేడా పది సెంట్లకు దిగింది. పెట్టె మొత్తం మీద మీరు మిగుల్చుకునేది పదకొండు డాలర్లు, దానితోపాటు శనగలు నానబెట్టి ఉడికించే శ్రమ. పరీక్షల రోజుల్లో ఆ శ్రమ తప్పడం నలుగురు విద్యార్థులకు చిన్న విషయం కాదని నేనూ ఒప్పుకుంటాను. పదకొండు డాలర్ల కోసమే అయితే మాత్రం రెండు పెట్టెలు మంచం కింద దాచుకోవలసిన పని లేదు.

మీరు ఎంత తింటారో కూడా చూడండి. మనిషికి రోజుకు రెండు టేబుల్‌స్పూన్ల చొప్పున నలుగురికి 120 గ్రాములు, ఒక డబ్బా మూడు రోజులకు పైగా వస్తుంది, పెట్టె రెండున్నర నెలలు, రెండు పెట్టెలు అయిదు నెలలు దాటుతాయి. కాగితం మీద ఈ లెక్క చక్కగా ఉన్నది, తెరిచిన డబ్బా మూడు నాలుగు రోజుల్లో అయిపోవాలన్న నియమానికి కూడా సరిపోతుంది. కాని ఆవకాయ తప్ప మరే పదార్థమూ అయిదు నెలలు ప్రతిరోజూ తిన్న తెలుగువారిని నేను చూడలేదు. రెండవ నెలలో మీలో ఇద్దరు మానేస్తారు, తెరిచిన డబ్బా ఆరవ రోజుకు ఫ్రిజ్ వెనుక మూలలో కనిపిస్తుంది. తెరిచిన తరువాత మిగిలినదానిని రేకు డబ్బాలోనే ఉంచకుండా గాజు గిన్నెలోకి మార్చి, మూతపెట్టి, ఫ్రిజ్‌లో పెట్టాలి. నిలువ సరుకు అన్న మాట మూత తీయనంతవరకే వర్తిస్తుంది.

డబ్బా మీద ఉన్న తేదీ గురించి అనవసరంగా కంగారు పడకండి, అతిగా నమ్మకండి. అమెరికాలో ఒక్క పసిపిల్లల పాలపొడి తప్ప మిగిలిన ఆహారాలకు ఆ తేదీ వేయాలని కేంద్ర చట్టం నిర్బంధించదు. బెస్ట్ బై అని ఉన్నది తయారీదారు తన రుచికి ఇచ్చుకున్న హామీ. డబ్బా చెక్కుచెదరకుండా ఉంటే ఆ తేదీ దాటిన మరునాడే విషం కాదు. అలాగే దాచిన చోటు వేడిగా ఉంటే తేదీ రాకముందే రుచి పాడవుతుంది. దీనిని నేను పుస్తకంలో చదవలేదు, నా గరాజులోనే నేర్చుకున్నాను. చాలా ఏళ్ల క్రితం ఆఫీసులో విందులకు పనికివస్తుందని ఒక పెట్టె కొని, ఇంట్లో చోటు లేక గరాజులో పెట్టాను. టెక్సాస్ ఎండాకాలం గడిచాక తీసి చూస్తే ముద్ద ఇటుక రంగుకు దగ్గరగా తిరిగి, పైన తేలిన నూనె ముక్కిన వాసన వేసింది. తేదీ ఇంకా అయిదు నెలలు ఉన్నది. డబ్బాలు ఎక్కడా ఉబ్బలేదు, తింటే జబ్బు చేసేది కాదేమో, కాని తినబుద్ధి పుట్టలేదు. ఈ పని చేసే మనిషిని అయి ఉండి అలా చేశానని మా ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారు. కాబట్టి కారు డిక్కీలోనూ, బాల్కనీ అలమరలోనూ కాక, ఏసీ తగిలే గదిలో నేలకు దగ్గరగా పెట్టండి.

ఇంత చవకగా అమ్మే పెట్టెలలో సొట్టపడిన డబ్బాలు కలిసి ఉండే అవకాశం ఉన్నది కాబట్టి కొనేముందు అన్నింటినీ తీసి చూడండి. పక్కన చిన్న సొట్ట ఉంటే ప్రమాదం లేదు. మూత అంచున మడత ఉండే చోట సొట్ట ఉన్నా, లోతైన సొట్ట కోసుగా మడతపడినా, తుప్పు తుడిస్తే పోకపోయినా, డబ్బా ఉబ్బినా, తెరవగానే చిమ్మినా దానిని రుచి చూడకుండా పారవేయాలి. బాట్యులినం విషానికి రంగూ వాసనా ఉండవు, కొద్దిగా నాలుకకు తగిలినా చాలు. ఈ ఒక్క విషయంలో పొదుపు గురించి ఆలోచించవద్దు. మీలో గానీ, మీ ఇంటికి వచ్చే స్నేహితులలో గానీ నువ్వులు పడనివారు ఉంటే అది కూడా ముందే కనుక్కోండి. 2023 జనవరి 1 నుంచి అమెరికాలో నువ్వులను ప్రధానమైన అలర్జీ పదార్థాల జాబితాలో తొమ్మిదవదిగా చేర్చి, లేబుల్ మీద తెలపడం తప్పనిసరి చేశారు.

కొన్న డబ్బాను బాగుచేసే పద్ధతి ఇది. రెండు వెల్లుల్లి రెబ్బలను నిమ్మరసంలోనే దంచి పది నిమిషాలు ఉంచండి. వెల్లుల్లిలో ఘాటును పుట్టించే ఎంజైమును పులుపు అణచివేస్తుంది కాబట్టి పచ్చి మంట లేకుండా వాసన మాత్రమే దిగుతుంది. ఆ రసాన్ని వడగట్టి, దానిలో తహీనీ వేసి, చల్లని నీళ్లు చెంచా చెంచాగా పోస్తూ గిలకొట్టండి. అది మొదట బిగుసుకుని విరిగినట్లు కనిపిస్తుంది, కంగారుపడి ఆపవద్దు, ఇంకొంచెం నీళ్లతో తెల్లని మీగడలా వస్తుంది. డబ్బాలోని ముద్దను ఒక గిన్నెలో వేసి కొద్దిగా వేడినీళ్లతో వెచ్చబెడితే బిగుసుకున్న పిండి వదులవుతుంది. అప్పుడు రెండూ కలిపి మిక్సీలో తిప్పి, పైన వేయించి కొట్టిన జీలకర్ర పొడి చల్లండి. ఉప్పు వేయవద్దు, డబ్బాలో అది ముందే సరిపడా ఉంటుంది. మా అబ్బాయి దీనికి ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెడతాడు. బెయిరూట్ వారు ఏమంటారో కాని చపాతీలోకి బాగానే ఉంటుంది.

దాచి ఉంచడమే మీ ఉద్దేశమైతే దాచదగినవి శనగలూ తహీనీ సీసాలూ. ఎండు శనగలు చల్లని పొడిచోట ఏడాది సులభంగా నిలుస్తాయి. నువ్వులలో సహజంగానే నూనె పాడుకాకుండా కాపాడే పదార్థాలు ఉండడం వల్ల తహీనీ నెలల తరబడి ఉంటుంది, పైన నూనె తేలితే కలుపుకుంటే చాలు. మాది ప్రకాశం జిల్లా, నల్లరేగడిలో కాక్-2 తెల్ల శనగలు పండించిన కుటుంబం. ధర వచ్చేదాకా ఒంగోలు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలలో బస్తాలు దాచడం నేను చిన్నప్పటి నుంచీ చూశాను. చల్లని గిడ్డంగిలో దాచిన శనగలు మరుసటి ఏడాది కూడా మెత్తగా ఉడికేవి. ఇంట్లో వేడికీ తేమకూ వదిలేసినవి ఎన్ని విజిళ్లు వచ్చినా గట్టిగానే ఉండేవి. అలా ముదిరిన శనగలకైనా నానబెట్టే నీళ్లలో లీటరుకు అర చెంచా వంట సోడా వేస్తే పొట్టు మెత్తబడి, ప్రెషర్ కుక్కర్‌లో చక్కగా ఉడుకుతాయి. ఆదివారం అర కిలో ఉడికించి, చిన్న సంచులలో వేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకుంటే రెండు వారాలు మిక్సీ తిప్పడం తప్ప మరే శ్రమా ఉండదు. తీరిక అసలే లేకపోతే ఉడికించిన శనగల డబ్బా కొని తహీనీ మీరే కలుపుకోండి. శనగలు రిటార్ట్ వేడిని తట్టుకుంటాయి, నష్టపోయేది నిమ్మరసమూ వెల్లుల్లీ. వాటిని తాజాగా వేస్తే సగం సమస్య తీరిపోతుంది.

నిలువ హమ్మస్‌ను నేను మనస్ఫూర్తిగా కొనమని చెప్పే సందర్భాలు రెండు ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుపానుకు కరెంటు పోయిన రోజులలో వండకుండా, ఫ్రిజ్ లేకుండా తినగలిగే మాంసకృత్తుల ఆహారం విలువ మాకు బాగా తెలిసింది. ఆ అవసరం కోసం ఆరు డబ్బాలు అలమరలో ఉంచుకోవడం వివేకమే. రెండవది ప్రయాణం. అమెరికా విమానాశ్రయ తనిఖీలో హమ్మస్‌ను ద్రవంగా లెక్కిస్తారు కాబట్టి 3.4 ఔన్సులు మించిన డబ్బాను చేతిసంచిలో తీసుకెళ్లనివ్వరు, 50 గ్రాముల సంచీలను మాత్రం ద్రవాల కోసం ఉద్దేశించిన ప్లాస్టిక్ సంచిలో పెట్టి తీసుకెళ్లవచ్చు. ఇండియాకు వెళ్లే శాకాహారులకు మధ్యలో ఆగే విమానాశ్రయాలలో అవి చాలా ఆదుకుంటాయి, అలాంటి సంచీలను పెట్టెగా కొన్నా నష్టం లేదు.

ఈ వారం అదే రకం డబ్బా ఒకటి విడిగా కొనండి. సగం ఉన్నది ఉన్నట్లుగా, సగం పైన చెప్పినట్లు తహీనీ కలిపి, రెండు గిన్నెలూ ఏది ఏదో చెప్పకుండా మీ గదిలోని వారి ముందు పెట్టండి. మూడవ రోజు రాత్రికి రెండు గిన్నెలూ ఖాళీ అయితే ఒక పెట్టె తెచ్చుకోండి. బాగుచేసినది ఒక్కటే ఖాళీ అయితే ఆ 30 డాలర్లతో రెండు తహీనీ సీసాలూ, నాలుగు పౌండ్ల శనగలూ కొని, మిగిలినది నిమ్మకాయలకు పెట్టండి.